మంత్రం వేసిన పిల్లా, మందు తాగిన పిల్లా: ఏది మేలు?

మా పెద్దమ్మ చిత్తూరు నుంచి వచ్చి, కొండకు పోయి దర్శనం చేసుకొని, తిరుపతిలో మా ఇంట్లో రెండు రోజులు ఉంది. మోకాళ్లు పట్టేసి సోఫా దిగడం లేదు. సరే, పాత ఇంగ్లీషు సినిమాలు రెండు పెట్టాను. రెండూ మంత్రగత్తెల ప్రేమకథలే, నవ్వించేవే. ఒకటి 1958 నాటి ‘బెల్, బుక్ అండ్ క్యాండిల్’, ఇంకోటి 1942 నాటి ‘ఐ మ్యారీడ్ ఎ విచ్’. కాలేజీ రోజుల నుంచీ నా ఓటు మొదటిదానికే. పెద్దమ్మకి డైలాగులు తెలుగులో చెప్తూ చూసేసరికి ఆ ఓటు కాస్తా కదిలింది.

1958 దాంట్లో కిమ్ నోవాక్ మంత్రగత్తె. పేరు జిలియన్. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో ఆమెకో అంగడి, దాన్నిండా ఆఫ్రికా ముసుగులూ విగ్రహాలూ. అదే భవనంలో అద్దెకున్న పుస్తకాల ప్రచురణకర్త షెప్ మీద ఆమెకు మనసవుతుంది. ఆ పాత్ర జేమ్స్ స్టూవర్ట్‌ది. తీరా చూస్తే అతను చేసుకోబోయేది కాలేజీలో తనకు అస్సలు పడని మెర్ల్‌ని! ఇంకేముంది, పైవాకెట్ అనే సయామీ పిల్లిని ముఖానికి ఆనించుకొని, పెదాలు కదపకుండా ఓ రాగం తీస్తుంది. పిల్లి చెవుల మధ్య నుంచి ఆమె కళ్లు అతన్నే చూస్తుంటాయి. పెద్దమ్మ టీ గ్లాసు కింద పెట్టేసి “అయిపోయినాడు వాడు” అంది.

తెల్లారేసరికి ఇద్దరూ న్యూయార్క్‌లోని ఎత్తైన ఫ్లాటిరాన్ భవనం మీద ఉంటారు. షెప్ టోపీ తీసి కిందికి విసిరేస్తాడు. అది గాలిలో తేలుతూ పోతూనే ఉంటుంది. మాట ఒక్కటి లేకుండా మనిషి ఎంత వశమైపోయాడో చెప్పేశారు. ఆ మంచు, ఆ రంగులు చూడటానికే ఇంకోసారి పెట్టొచ్చు. ఛాయాగ్రహణం జేమ్స్ వాంగ్ హోది. జిలియన్ తమ్ముడిగా జాక్ లెమన్ వీధి దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతూ నడిచే చోట పెద్దమ్మ పిల్లలా నవ్వింది.

1942 సినిమాకి ఈ సొగసు లేదు. నలుపు తెలుపు, గంటంబావు నిడివి. కానీ దర్శకుడు రెనే క్లెయిర్ మొదటి నిమిషం నుంచే చక్కిలిగింతలు పెడతాడు. మంత్రగత్తెల్ని తగలబెడుతుంటే మధ్యలో విరామమట, ఆ జనంలో ఒకడు వేయించిన మొక్కజొన్నలు అమ్ముకుంటుంటాడు! మన గంగమ్మ జాతరలో బొరుగులమ్మే వాళ్లు గుర్తొచ్చారు. (నిజానికి అమెరికాలో 1692 నాటి సేలం మంత్రగత్తెల కేసుల్లో 19 మందిని ఉరితీశారు. ఎవరినీ తగలబెట్టలేదు.)

చనిపోతూ మంత్రగత్తె జెనిఫర్ పెట్టిన శాపం, తనని పట్టించినవాడి వంశంలో మగవాళ్లందరికీ పెళ్లి అచ్చిరాకూడదని. వందల ఏళ్ల తర్వాత పొగ రూపంలో బయటపడి, గవర్నర్ ఎన్నికల్లో నిలబడ్డ ఆ వంశపు వూలీని సాధించడానికి ప్రేమమందు కలుపుతుంది. పటమొకటి తల మీద పడి ఆమె స్పృహ తప్పుతుంది. పాపం, తెప్పరిల్లుతుందని ఆ గ్లాసులోదే ఆమె నోట్లో పోస్తాడు వూలీ.

“మందు పెట్టబోయి తనే తాగేసిందే!” పెద్దమ్మకి నవ్వాగలేదు. ‘వానికేదో మందు పెట్టేసింది’ అనే మాట మా వైపు కోడళ్లు ఎందరు పడలేదు! అందుకే ఆ నవ్వులో ఇంకో రుచి ఉంది. ఆ తర్వాత వేరే పిల్లతో వూలీ పెళ్లి ఆగుతుంది, మొదలవుతుంది, ఆగుతుంది. పాటావిడ ప్రతిసారీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది.

ఇక్కడే నా పాత ఇష్టానికి చిల్లు పడింది. 1958 కథలో ప్రేమలో పడిన మంత్రగత్తెకు శక్తి పోతుంది. జిలియన్‌కి కన్నీళ్లొస్తాయి, ముసుగుల బదులు గవ్వపూలు అమ్మడం మొదలెడుతుంది. పెద్దమ్మ ఒక్కటే అడిగింది: “ఆ పాప అంగడే మార్చుకునింది సరే, వాడేం మార్చుకున్నాడు?” మంత్రం విడగొట్టించుకోవడానికి ఒక గిన్నెడు కషాయం ముక్కు మూసుకొని తాగాడు, అంతే. గంగమ్మకీ మంత్రగత్తెకీ పోలిక లేదు గానీ, అమ్మవారు వేషాలు మార్చి పాలెగాణ్ణి పట్టుకున్న కథ వింటూ పెరిగిన ఊళ్లో, శక్తి వదిలేసి ఒద్దికైన పిల్లగా మారే ముగింపు చప్పగానే ఉంటుంది.

హీరోకి వయసెక్కువని ఒకదాన్నే అంటే అన్యాయం. రెండింట్లోనూ తేడా ఇంచుమించు 25 ఏళ్లే. అయితే 1942 దాంట్లో మాయ పూర్తిగా చావదు. జెనిఫర్ తండ్రి, అంటే వూలీకి తాగుబోతు మామగారు, ఆయన ఆత్మ సీసాలోంచి పాడుతూనే ఉంటుంది, వాళ్ల చిన్న కూతురు చీపురెక్కుతుంది. ఒంటరిగా రాత్రిపూట నేను మళ్లీ పెట్టుకునేది నోవాక్ సినిమానే. ఇంటినిండా జనముంటే మాత్రం రెండోదే.

పోయిన ఆదివారం పెద్దమ్మ ఫోన్ చేసింది. మనవళ్లొచ్చారట. “ఆ సీసాలో ముసలాయన సినిమా ఎట్లా పెట్టాలో చెప్పమ్మే” అంది. పిల్లి సినిమా ఊసే ఎత్తలేదు.