కస్టమైజ్, ఆర్గో సీడీ: ఏళ్ల వాడకం తరువాత ఒక సమీక్ష

కంటైనర్లను నడిపించే వేదిక అయిన కుబర్నెటీస్‌పై నడిచే మా సేవల కాన్ఫిగరేషన్ మొత్తం గిట్ రెపోలోనే ఉంటుంది. క్లస్టర్ (సేవలు నడిచే యంత్రాల సమూహం) ఎలా ఉండాలో నిర్ణయించేది ఆ రెపోయే. డెవ్, స్టేజింగ్, ప్రొడక్షన్ ఎన్విరాన్‌మెంట్ల మధ్య తేడాలను రాసుకోవడానికి కస్టమైజ్‌నూ, రాసినదాన్ని క్లస్టర్‌కు చేర్చడానికి ఆర్గో సీడీనీ కొన్నేళ్లుగా వాడుతున్నాం. ఈ సమీక్ష ప్రధానంగా కస్టమైజ్ గురించి. ఆర్గో సీడీ ప్రస్తావన ఆ రెండూ కలిసే చోట్లకే పరిమితం. ఇంతకాలం వాడిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: సొంత సేవలకు ఈ సాధనాన్ని నిశ్చింతగా ఎంచుకోవచ్చు, కానీ మార్పును మెర్జ్ చేసే (రెపోలో కలిపే) ముందు అది తయారుచేసే తుది యామల్‌ను (కాన్ఫిగరేషన్ ఫైలును) సమీక్షకుడు చూసే ఏర్పాటు లేకపోతే ప్రొడక్షన్‌కు వాడకూడదు.

2018 మే నెలలో కుబర్నెటీస్ బ్లాగులో పరిచయమైనప్పుడే కస్టమైజ్ తనను తాను టెంప్లేట్లు అక్కర్లేని సాధనంగా చెప్పుకుంది. బేస్ అనే డైరెక్టరీలో డిప్లాయ్‌మెంట్, సర్వీస్ వంటి వనరులు మామూలు యామల్‌గా ఉంటాయి. ప్రతి ఎన్విరాన్‌మెంట్‌కు ఒక ఓవర్‌లే డైరెక్టరీ ఉండి, ఆ బేస్ నుంచి ఎక్కడ తేడా ఉండాలో అది మాత్రమే చెబుతుంది. 2019 మార్చిలో వచ్చిన కుబర్నెటీస్ 1.14 వెర్షన్ నుంచి ఇది దాని కమాండ్ సాధనమైన క్యూబ్‌సీటీఎల్‌లోనే భాగమైంది. ఈ సౌకర్యంలో ఒక చిక్కుంది. క్యూబ్‌సీటీఎల్‌లో చేర్చిన కస్టమైజ్ 2.0.3 దగ్గరే ఆగిపోయి, 2021లో వచ్చిన క్యూబ్‌సీటీఎల్ 1.21 వరకు మారలేదు. విడిగా దొరికే కస్టమైజ్ అప్పటికి ఎంతో ముందుకు వెళ్లింది కాబట్టి, ఒకే డైరెక్టరీకి రెండు సాధనాలు రెండు రకాల ఫలితాలు ఇవ్వడమో, ఒకటి అసలు ఒప్పుకోకపోవడమో జరిగేది. ఇప్పుడు ఆ అంతరం తగ్గినా మేము ఒక నియమం పాటిస్తున్నాం: ఆర్గో సీడీ లోపల ఏ కస్టమైజ్ వెర్షన్ ఉందో, మార్పులను ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసి పరీక్షించే సీఐ పైప్‌లైన్‌లోనూ, డెవలపర్ల యంత్రాల్లోనూ అదే ఉండాలి. ఆర్గో సీడీ తన వెర్షన్ వివరాలతో పాటు కస్టమైజ్ వెర్షన్‌నూ చూపిస్తుంది కాబట్టి దీన్ని సరిచూడడం కష్టం కాదు.

కుబర్నెటీస్ ప్యాకేజీలను టెంప్లేట్లతో తయారుచేసే హెల్మ్‌తో పోలిక తప్పదు. హెల్మ్ యామల్‌ను అక్షరాల వరుసగా చూసి, గో టెంప్లేట్లతో నింపుతుంది. అందుకే ఖాళీల లెక్క తప్పితే ఫైలు చెడిపోతుంది, టెంప్లేట్ ఫైలును సాధారణ యామల్ పరిశీలన సాధనాలు చదవలేవు. కస్టమైజ్ యామల్‌ను నిర్మాణంగా చదువుతుంది కాబట్టి బేస్‌లోని ఫైలును నేరుగా క్లస్టర్‌కు అప్లై చేయవచ్చు, కొత్తగా చేరిన ఇంజనీరు కూడా దాన్ని చదివి సేవ ఎలా నడుస్తుందో అర్థం చేసుకోగలడు. మా సొంత సేవల్లో ఎన్విరాన్‌మెంట్ల మధ్య మారేవి కొద్దే: రెప్లికాల (నడిచే ప్రతుల) సంఖ్య, మెమరీ పరిమితి, ఇమేజ్ ట్యాగ్ (కంటైనర్ ప్యాకేజీ వెర్షన్ పేరు), హోస్ట్ పేరు, కొన్ని సెట్టింగులు. ఇంత చిన్న తేడాల కోసం టెంప్లేట్ భాషను, దానితో పాటు పెరిగే, టెంప్లేట్‌లో నింపే విలువలుండే వాల్యూస్ ఫైళ్లను మోయవలసిన పని లేదని నా నమ్మకం. బయటివారు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. అది ఎక్కువగా హెల్మ్ చార్ట్ (హెల్మ్ ప్యాకేజీ) రూపంలోనే వస్తుంది. దాన్ని కస్టమైజ్ నుంచి పిలిచే వీలున్నా, ఆర్గో సీడీలో ఆ వెసులుబాటును ప్రత్యేకంగా అనుమతించాలి. మేము అటువంటి చార్ట్‌లను ఆర్గో సీడీకే నేరుగా అప్పగిస్తాం.

ప్యాచ్‌లు (బేస్‌పై ఓవర్‌లే చేసే మార్పులు) రాయడంలో రెండు మార్గాలున్నాయి, వాటి మధ్య ఎంపిక పైకి కనిపించేంత చిన్న విషయం కాదు. స్ట్రాటజిక్ మెర్జ్ ప్యాచ్‌లో మారవలసిన భాగాన్ని మాత్రమే అదే ఆకృతిలో రాస్తాం. కంటైనర్ల జాబితాలో ఏది ఏదో కస్టమైజ్ పేరును బట్టి గుర్తిస్తుంది. జేసన్ ప్యాచ్‌లో దారిని పూర్తిగా చెప్పాలి, జాబితాలోని అంశాన్ని సంఖ్యతో సూచించాలి. మా సేవల్లో ఒకదానికి లాగ్‌లు పంపే సైడ్‌కార్‌ను (పక్కనే నడిచే సహాయక కంటైనర్‌ను) బేస్‌లో అసలు కంటైనర్ కంటే ముందు చేర్చిన మార్పు వచ్చినప్పుడు, ప్రొడక్షన్ ఓవర్‌లేలోని జేసన్ ప్యాచ్ సున్నా స్థానంలో ఉన్నదానికి మెమరీ పరిమితి పెట్టసాగింది. అంటే ఆ పరిమితి సైడ్‌కార్‌కు వెళ్లి, అసలు కంటైనర్ బేస్‌లోని చిన్న పరిమితితో మిగిలింది. కస్టమైజ్ దృష్టిలో అందులో తప్పేమీ లేదు, కాబట్టి ఏ హెచ్చరికా రాలేదు. తుది యామల్‌లోని తేడాను పుల్ రిక్వెస్ట్‌లో (మెర్జ్‌కు ముందు సమీక్షకు పెట్టే మార్పులో) చూపించే ఏర్పాటు వల్లనే అది మెర్జ్‌కు ముందు దొరికింది. కంటైనర్లకు సంబంధించినంత వరకు పేరుతో గుర్తించే పద్ధతినే వాడాలని, జేసన్ ప్యాచ్‌ను ఏదైనా ఫీల్డ్‌ను తొలగించడం వంటి పనులకే ఉంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

కస్టమైజ్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది కాన్ఫిగ్‌మ్యాప్ జెనరేటర్. కుబర్నెటీస్‌లో సెట్టింగులను ఉంచే కాన్ఫిగ్‌మ్యాప్‌లోని విషయం మారినంత మాత్రాన పాడ్‌లు (కంటైనర్లు నడిచే యూనిట్లు) తిరిగి మొదలు కావు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా అందిన విలువలైతే పాడ్ మళ్లీ లేచే వరకు పాతవే ఉంటాయి. గిట్‌లో కొత్త విలువ, క్లస్టర్‌లోని కాన్ఫిగ్‌మ్యాప్‌లో కొత్త విలువ, నడుస్తున్న ప్రోగ్రామ్‌లో పాత విలువ ఉండే ఈ స్థితిని కనిపెట్టడం చాలా కష్టం. జెనరేటర్ కాన్ఫిగ్‌మ్యాప్ పేరు చివర దాని విషయం నుంచి లెక్కించిన హ్యాష్‌ను (విషయాన్ని బట్టి మారే చిన్న సంకేతాన్ని) చేరుస్తుంది, ఆ పేరును ప్రస్తావించిన ప్రతిచోటా దాన్ని మారుస్తుంది. విషయం మారితే పేరు మారుతుంది, పేరు మారితే డిప్లాయ్‌మెంట్‌లోని పాడ్ టెంప్లేట్ మారుతుంది, దానితో రోలింగ్ అప్‌డేట్ (పాడ్‌లను కొద్దికొద్దిగా కొత్తవాటితో మార్చడం) మొదలవుతుంది. వెనక్కి వెళ్లాలంటే ఆ కమిట్‌ను రివర్ట్ చేస్తే చాలు, పాత పేరుతో పాత విలువలే తిరిగి వస్తాయి. సెట్టింగు మార్పు కూడా కోడ్ మార్పు అంత క్రమశిక్షణతో విడుదలయ్యే ఈ గుణం కోసమే కస్టమైజ్‌ను ఎంచుకున్నా తప్పు లేదు.

దీని వెంట వచ్చే రెండు జాగ్రత్తలను మాత్రం ముందే తెలుసుకోవాలి. మొదటిది, పాత హ్యాష్‌లతో ఉన్న కాన్ఫిగ్‌మ్యాప్‌లు వాటంతట అవి పోవు. ఆర్గో సీడీలో ప్రూన్‌ను (రెపోలో లేని వనరుల తొలగింపును) అనుమతిస్తే పోతాయి, కానీ కొత్త పాడ్‌లు పూర్తిగా లేవకముందే పాత కాన్ఫిగ్‌మ్యాప్ మాయమైతే, అదే సమయంలో తిరిగి మొదలు కావలసిన పాత పాడ్ మొదలు కాలేకపోతుంది. ప్రూన్‌ను చివరికి వాయిదా వేసే సింక్ (రెపోలోనిదాన్ని క్లస్టర్‌కు అప్లై చేయడం) ఐచ్ఛికం ఒకటుంది. దాన్ని పెడితే మిగతా వనరులన్నీ ఆరోగ్యంగా ఉన్నాయని తేలాకే తొలగింపు జరుగుతుంది. రెండోది, పేరు మార్చే ఈ పని కుబర్నెటీస్‌కు స్వతహాగా ఉన్న వనరులకే సహజంగా పనిచేస్తుంది. ఆర్గో రోలౌట్స్ వంటి కస్టమ్ రిసోర్సులలో (బయటి సాఫ్ట్‌వేర్ కుబర్నెటీస్‌కు చేర్చే వనరులలో) కాన్ఫిగ్‌మ్యాప్ పేరు ఎక్కడ ఉంటుందో కస్టమైజ్‌కు తెలియదు. ఆ చోట్లను విడిగా ఒక కాన్ఫిగరేషన్ ఫైలులో చెప్పాలి, లేకపోతే హ్యాష్ లేని పేరే మిగిలి పాడ్‌లు కాన్ఫిగ్‌మ్యాప్ దొరకక ఆగిపోతాయి. కస్టమ్ రిసోర్సుల్లోని జాబితాలకూ ఇదే లోటు ఉంది: స్కీమా (నిర్మాణ వివరణ) తెలియనందున పేరును బట్టి కలపడానికి బదులు జాబితా మొత్తాన్ని మార్చేస్తుంది.

లేబుళ్ల విషయంలో కస్టమైజ్ తొలినాళ్ల రూపకల్పన నాకు నచ్చలేదు. కామన్ లేబుల్స్ అనే ఫీల్డ్ వనరులకు లేబుల్ చేర్చడంతో ఆగక, సెలెక్టర్లలోనూ (ఏ పాడ్‌లు తమవో లేబుళ్లను బట్టి గుర్తించే నియమాల్లోనూ) దాన్ని చేరుస్తుంది. డిప్లాయ్‌మెంట్ సెలెక్టర్‌ను ఒకసారి సృష్టించాక మార్చడానికి వీలుండదు కాబట్టి, నడుస్తున్న సేవకు బృందం పేరు తెలిపే లేబుల్ ఒకటి చేర్చాలన్నా సింక్ విఫలమవుతుంది. డిప్లాయ్‌మెంట్‌ను తొలగించి మళ్లీ సృష్టించడం తప్ప దారి ఉండదు. తరువాత వచ్చిన లేబుల్స్ అనే ఫీల్డ్, అడిగితే తప్ప సెలెక్టర్లను ముట్టుకోదు. కొత్తగా మొదలుపెట్టేవారు పాతదాని జోలికి వెళ్లనే కూడదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తాను. ఓవర్‌లేలో తేడాలు మాత్రమే ఉండడం ఎంత సుఖమో, బేస్‌లో ఒక పంక్తి మారితే అది అన్ని ఎన్విరాన్‌మెంట్లకూ ఒకేసారి చేరడం అంత ప్రమాదం. పుల్ రిక్వెస్ట్‌లో కనిపించేది బేస్‌లోని ఒక చిన్న మార్పు. ప్రొడక్షన్ ఓవర్‌లేలో ఏ ఫైలూ మారలేదు కాబట్టి ప్రొడక్షన్‌కు ఏమీ కాదని సమీక్షకుడికి తోచడం సహజం. మా పైప్‌లైన్ ప్రతి పుల్ రిక్వెస్ట్‌కూ అన్ని ఓవర్‌లేలను పాత కమిట్ దగ్గరా, కొత్త కమిట్ దగ్గరా బిల్డ్ చేసి, రెండింటి తేడాను ఎన్విరాన్‌మెంట్ వారీగా వ్యాఖ్యగా పెడుతుంది. ఇది కొద్దిపాటి స్క్రిప్ట్‌తో అయ్యే పని. సమీక్షలో జరిగే చర్చ నాణ్యతే దీనివల్ల మారింది. మూల ఫైళ్ల కంటే ఈ వ్యాఖ్యనే అందరూ ముందు చదువుతారు. ఇంకా కట్టుదిట్టంగా ఉండాలనుకునేవారు బేస్‌ను వేరే రెపోలో ఉంచి, ప్రొడక్షన్ ఓవర్‌లే దాన్ని ఒక ట్యాగ్ ద్వారా ప్రస్తావించేలా చేయవచ్చు. అప్పుడు బేస్‌లోని మార్పు ప్రొడక్షన్‌కు ఎప్పుడు రావాలో ప్రొడక్షన్ ఓవర్‌లేయే నిర్ణయిస్తుంది; కాకపోతే ప్రతి విడుదలకు ట్యాగ్ మార్చే పని అదనం. ఎన్విరాన్‌మెంట్‌కు ఒక బ్రాంచ్ పెట్టే పద్ధతిని మాత్రం నేను సమర్థించను, ఎందుకంటే బ్రాంచ్‌ల మధ్య మెర్జ్ చేసేటప్పుడు పంపాలనుకున్న మార్పుతో పాటు ఆ ఎన్విరాన్‌మెంట్‌కే చెందిన తేడాలూ కలిసి ప్రయాణిస్తాయి.

ఆర్గో సీడీ వైపు నుంచి చెప్పవలసినవి కొన్నే. అది డిఫాల్ట్‌గా సుమారు మూడు నిమిషాలకు ఒకసారి రెపోను చూస్తుంది. వెబ్‌హుక్ (మార్పు రాగానే రెపో పంపే సమాచారం) పెడితే ఆ ఎదురుచూపు ఉండదు. సింక్‌ను ఆటోమేటిక్ చేసినంత మాత్రాన ప్రూన్, సెల్ఫ్ హీల్ (క్లస్టర్‌లో వచ్చిన తేడాను రెపోకు తగ్గట్టు సరిచేయడం) వాటంతట రావు, రెండింటినీ విడిగా కోరాలి. ఆటోస్కేలర్ (లోడ్‌ను బట్టి రెప్లికాల సంఖ్యను మార్చేది) ఉన్న సేవకు డిప్లాయ్‌మెంట్‌లో రెప్లికాల సంఖ్య రాయకూడదు. రాస్తే ఆటోస్కేలర్ పెంచినదాన్ని సెల్ఫ్ హీల్ తగ్గిస్తూ ఉంటుంది. ఇమేజ్ ట్యాగ్‌ను ఆర్గో సీడీ తెర మీదనుంచి మార్చే వెసులుబాటు ఉన్నా దాన్ని వాడకపోవడం మంచిది, అలా మార్చిన విలువ రెపోలో ఉండదు. మా దగ్గర ఇమేజ్ తయారయ్యాక పైప్‌లైనే కస్టమైజ్ ఎడిట్ ఆదేశంతో ట్యాగ్‌ను మార్చి కమిట్ చేస్తుంది, కాబట్టి ఏ ఇమేజ్ ఎప్పుడు ప్రొడక్షన్‌కు వెళ్లిందో గిట్ లాగ్ చెబుతుంది.

పాస్‌వర్డ్‌ల వంటి రహస్యాల విషయంలో కస్టమైజ్ నుంచి సాయం ఆశించకూడదు. సీక్రెట్ జెనరేటర్‌కు ఇచ్చే మూల ఫైలు రెపోలో ఉంటే రహస్యం రెపోలో ఉన్నట్టే, బేస్64 రూపం ఎన్‌క్రిప్షన్ కాదు. రహస్యాలను కాపాడే సాధనాలైన సీల్డ్ సీక్రెట్స్, సాప్స్, ఎక్స్‌టర్నల్ సీక్రెట్స్ ఆపరేటర్‌లలో ఒకదాన్ని మొదటి రోజే ఎంచుకోవాలి. ఆర్గో సీడీ లాంటి మరో సాధనమైన ఫ్లక్స్ వాడేవారికి సాప్స్‌ను విప్పే పని అందులోనే ఉంది, ఆర్గో సీడీలో దానికి ప్లగిన్ కావాలి. మేము మూడోదాన్ని ఎంచుకున్నాం. రెపోలో రహస్యం పేరు మాత్రమే ఉంటుంది, విలువ బయటి వాల్ట్‌లో (రహస్యాల ఖజానాలో) ఉంటుంది.

కస్టమైజ్ నిజంగా వెనుకబడిన చోటు ఒకటుంది: ఒకే విలువను అనేక చోట్ల వాడవలసి రావడం. హోస్ట్ పేరు ఇన్‌గ్రెస్‌లోనూ (బయటి ట్రాఫిక్‌ను సేవకు చేర్చే వనరులోనూ), టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) భాగంలోనూ, ఒక వేరియబుల్‌లోనూ రావాలంటే రీప్లేస్‌మెంట్స్ అనే ఫీల్డ్‌తో ప్రతి మూలాన్నీ ప్రతి గమ్యాన్నీ విడమరిచి రాయాలి. మునుపటి వార్స్ ఫీల్డ్ ఇంతకంటే క్లుప్తంగా ఉండేది, కానీ ఇప్పుడు దాన్ని వదులుకోమంటున్నారు. ఫ్లక్స్‌లో బిల్డ్ తరువాత వేరియబుల్స్‌ను నింపే సౌకర్యం ఉంది. అది సులువే గాని, అప్పుడు మన యంత్రంలో కస్టమైజ్ బిల్డ్ చూపించేది తుది యామల్ కాకుండా పోతుంది. పదుల సంఖ్యలో కస్టమర్లకు ఒక్కొక్కరికి ఒక ఇన్‌స్టాలేషన్ నడుపుతూ, ప్రతి ఇన్‌స్టాలేషన్‌లోనూ డొమైన్, ప్రాంతం, పేరు వంటి విలువలు పలుచోట్ల మారవలసిన సంస్థలకు హెల్మ్ చార్ట్, ఒక్కొక్కరికి ఒక చిన్న వాల్యూస్ ఫైలు అనే పద్ధతినే నేను సూచిస్తాను.