జాగ్రత్త: "రూపాయి కట్టనక్కర్లేదు" అంటూ వచ్చే డిగ్రీ కళాశాలల మాట నమ్మి సంతకాలు పెట్టకండి

మా అమ్మాయి ఇంటర్ ఫలితాలు రాగానే నల్లగొండలోని ఓ ప్రైవేటు డిగ్రీ కళాశాల మనుషులు మా ఊరికి వచ్చారు. మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, "రూపాయి కట్టనక్కర్లేదన్నా, అంతా ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో వస్తుంది, సర్టిఫికెట్లు ఇస్తే దోస్త్‌లో ఆప్షన్లు మేమే పెడతాం" అన్నారు. దోస్త్ అంటే తెలంగాణలో డిగ్రీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ విధానం. సర్టిఫికెట్లతో పాటు ఫోనుకు వచ్చిన ఓటీపీ కూడా చెప్పేశాం.

మా అమ్మాయి ఏటా ఈ-పాస్‌లో, అంటే సర్కారు స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్‌లో, దరఖాస్తు చేసింది. మీ సేవలో వేలిముద్ర వేసింది. హాజరు 75 శాతానికి ఎన్నడూ తగ్గలేదు. మా వైపు నుంచి ఒక్క కాగితం ఆలస్యం కాలేదు. ఇప్పుడు డిగ్రీ అయ్యాక బీఈడీ సీటు వస్తే టీసీ, మెమోల కోసం వెళ్లాం. "రెండేళ్ల ఫీజు సర్కారు విడుదల చేయలేదు, 24 వేలు కట్టి తీసుకెళ్లండి" అన్నారు. చేరిన రోజు ఫారాల కట్టలో నాతో సంతకం చేయించిన కాగితం తీసి చూపించారు. ప్రభుత్వం ఇవ్వకపోతే నేనే కడతానని అందులో ఉంది. ఆ రోజు నేను చదవలేదు, వాళ్లు చదివి వినిపించలేదు.

సీటు నిలబడాలంటే మూడు రోజులే గడువు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాను. అసలు మోసం ఆ తర్వాత ఇంటికొచ్చి రసీదు చూసుకుంటే తెలిసింది. అందులో ట్యూషన్ ఫీజు అని లేదు, "ఇతర రుసుములు" అని ఉంది. రేపు సర్కారు సొమ్ము కళాశాల ఖాతాలో పడ్డాక, నా డబ్బు నాకివ్వండని ఏ ఆధారంతో అడగాలి?

కళాశాలలకు బకాయిలు రావడం లేదన్నది నిజం. 2025 నవంబరులో ఆ బకాయిల కోసమే యాజమాన్యాలు కళాశాలలు మూసి ఆందోళన చేశారు. అక్కడ పాఠాలు చెప్పేవాళ్లకూ జీతాలు అందక ఇబ్బందే. కానీ సర్కారు బాకీకి పిల్లల మెమోలు తాకట్టా?

ఈసారి పిల్లలను చేర్చేవాళ్లు ఓటీపీ ఎవరికీ చెప్పకండి. నల్లగొండలోని నాగార్జున ప్రభుత్వ కళాశాల లాంటి చోట అడిగి ఆప్షన్లు మీరే పెట్టుకోండి. స్పాట్ అడ్మిషన్‌లో, అంటే దోస్త్ విడతలు అయ్యాక మిగిలిన సీట్లలో నేరుగా కళాశాలలో, చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు, ఆ సంగతి వాళ్లు చెప్పరు. పది, ఇంటర్ ఒరిజినల్ మెమోలు చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018లోనే ఆదేశించింది, గట్టిగా అడగండి. సంతకం పెట్టే ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫొటో తీసుకోండి. డబ్బు కట్టక తప్పకపోతే ఏ ఏడాది ట్యూషన్ ఫీజో రసీదు మీద రాయించుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలకండి.

నేను సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇస్తున్నాను. "ఇతర రుసుములు" అని రాసిన రసీదులు మీ దగ్గరా ఉంటే జిరాక్స్ తీసుకుని రండి. పది గంటలకు కలెక్టరేట్ గేటు దగ్గర ఉంటాను.