పాత ఎఫ్-150కి పవర్ విండో డోర్లు: ఆరేళ్లు వాడాక

నా బండి 1995 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు. ఎక్స్‌ఎల్ అనే సాదా మోడల్, ముందు ఒకటే పొడవాటి సీటు, 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. ఫోర్డ్ ఈ ఇంజన్‌ను 1965 నుంచి 1996 దాకా చేసింది, అంటే నాది చివరి రోజుల బండి. డాలస్ దగ్గర మా వీధిలోనే ఉండే ఓ పెద్దాయన దగ్గర 2014లో కొన్నాను. పెరటి తోటకి ఎరువు, మట్టి, ఆనపపాదు పందిరికి కర్రలు మోయడానికి ఇంతకు మించిన బండి దొరకదు. ఇంజన్ గురించి నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఇబ్బందల్లా కిటికీలతోనే.

అద్దాలు చేత్తో తిప్పేవి. ఇరవై ఏళ్లు దాటేసరికి డ్రైవర్ వైపుది, అంటే ఇక్కడ ఎడమ వైపుది, బాగా బిగిసిపోయింది. 2018లో నా ఎడమ భుజం పట్టేసింది. డాక్టరు చూపించిన వ్యాయామాలు చేస్తూనే ఉన్నా, ఆ హ్యాండిల్ రెండు చుట్లు తిప్పేసరికి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇక అవతలి అద్దం దించాలంటే సీటు మీద అడ్డంగా వాలాలి, బండి నడుపుతూ అది కుదరదు. "ఏవండీ, బండైనా అమ్మేయండి, లేదా ఆ డోర్లైనా మార్పించండి" అంది మా ఆవిడ. బండి అమ్మడం నాకు ఇష్టం లేదు.

స్విచ్ నొక్కితే అద్దం కదిలే పవర్ విండోలకి మారాలంటే దారులు మూడున్నాయి. హ్యాండిల్ ఉండే చోట మోటార్ బిగించే రెడీమేడ్ కిట్లు దొరుకుతాయి. లేదా పవర్ విండో ఉన్న బండి నుంచి రెగ్యులేటర్ (అద్దాన్ని పైకీ కిందికీ నడిపే ఇనప చట్రం), మోటార్ మాత్రం తెచ్చి మన డోర్లలో రివెట్లు కొట్టుకోవచ్చు. మూడోది, డోర్లకి డోర్లే మార్చేయడం. నా పాత డోర్ల అడుగున తుప్పు మొదలైంది కాబట్టి మూడోదే ఎంచుకున్నాను. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అంటాను. మోటార్, స్విచ్, లోపలి ప్యానెల్, సెంట్రల్ లాక్ సామాను, డోర్ లోపలి వైరింగ్, అన్నీ ఒకదానికొకటి సరిపోయి వస్తాయి. 1980 నుంచి 1996 దాకా ఈ ట్రక్కుల డోర్లు ఒకదానికొకటి బిగుస్తాయి గానీ, లోపలి ప్యానెల్ కూడా మన డాష్‌బోర్డుకి నప్పాలంటే 1992 తర్వాతిది చూసుకోవాలి.

మన పనిముట్లు మనమే తీసుకెళ్లి పాత బండ్ల సామాను విప్పుకునే జంక్ యార్డులు ఇక్కడ చాలా ఉన్నాయి. నాలుగు శనివారాలు తిరిగితే ముదురు ఆకుపచ్చ రంగు ఎక్స్‌ఎల్‌టీ (నా ఎక్స్‌ఎల్ కంటే పై మోడల్) ఒకటి దొరికింది. రెండు డోర్లకు కలిపి 180 డాలర్లు. నాతో వచ్చిన స్నేహితుడు బ్యాటరీ వెంట తెచ్చాడు. మోటార్ కనెక్టర్ విప్పి నేరుగా కరెంటు ఇస్తే రెండు అద్దాలూ కదిలాయి. ఇలా చూడకుండా మాత్రం డబ్బులు కట్టకండి.

తప్పు చేసింది అక్కడే. డ్రైవర్ వైపు డాష్ కింద కనెక్టర్ దాకా వెళ్లి, వైర్లను రబ్బరు గొట్టంతో సహా చక్కగా ఊడదీశాను. అవతలి వైపుకొచ్చేసరికి యార్డు మూసే టైమైంది. టెన్షన్‌లో కట్టర్ తీసి, డోర్‌కి ఆరంగుళాల అవతల వైర్లు కత్తిరించేశాను. డాష్ వెనక అడ్డంగా వెళ్లే వైరింగ్‌ని అసలు పట్టించుకోనే లేదు. ఆ తొందర నాకు ఐదేళ్లు తలనొప్పి తెచ్చింది. యార్డుకి వెళ్లేటప్పుడు డోర్ల కోసం కాదు, వైర్ల కోసం వెళ్తున్నామనుకోండి. డోర్లు ఎక్కడైనా దొరుకుతాయి. రెండు డోర్లనూ కలిపే ఆ వైరింగ్ మొత్తం, కనెక్టర్లతో సహా, ఎక్కడా కత్తెర పడకుండా దొరకడమే అదృష్టం.

బిగించడం నిజానికి ఒక్కపూట పని. డోర్ హింజ్ (కీలు) చుట్టూ మార్కర్‌తో గీత గీసుకుని, డోర్ కింద జాకీ పెట్టి మధ్యలో దుప్పటి మడతేసి, ఇద్దరు మనుషులు పట్టుకుంటే సరిపోతుంది. బ్యాటరీ కనెక్షన్ ముందే తీసేయాలి. హింజ్ పిన్నులు, వాటి బుష్‌లు అరిగి ఉంటాయి, చేతిలో పని ఉండగానే కొత్తవి వేసేయండి. నేను వేశాను, ఆరేళ్లయినా డోర్ కుంగలేదు. పాత డోర్ల తాళం సిలిండర్లు తీసి కొత్త వాటిలో పెట్టుకుంటే పాత తాళంచెవే పనిచేస్తుంది.

వైరింగ్‌కి మాత్రం మూడు ఆదివారాలు పట్టింది. ఇది అర్థమైతే మిగతాది తేలిక కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. స్విచ్ ముట్టుకోనప్పుడు మోటార్ వైర్లు రెండూ గ్రౌండ్‌కే (బ్యాటరీ నెగటివ్ వైపుకే) కలిసి ఉంటాయి. పైకి నొక్కితే ఒక వైరు గ్రౌండ్ వదిలి 12 వోల్టులకు వెళ్తుంది, కిందికి నొక్కితే రెండోది వెళ్తుంది. కుడి డోర్ స్విచ్‌కి సొంతంగా గ్రౌండ్ లేదు, డ్రైవర్ డోర్ స్విచ్ గుండానే అందుతుంది. అందుకని డాష్ కింద అడ్డంగా కనీసం మూడు వైర్లు వెళ్లాలి: కరెంటుది ఒకటి, డ్రైవర్ స్విచ్ నుంచి వచ్చేవి రెండు. కుడి అద్దం ఏ స్విచ్‌కీ కదలకపోతే ముందు ఎడమ డోర్ విప్పి చూడాలన్నమాట. ఈ సంగతి తెలియక నేను మంచి మోటార్‌ని రెండుసార్లు బయటికి తీశాను.

మొదట కరెంటుని సిగరెట్ లైటర్ వైరు నుంచి లాగాను. అద్దం ఎక్కుతూ సగంలో నీరసించిపోయేది. సన్నటి వైరులో వోల్టేజ్ పడిపోతుంది, మోటార్‌కి చాలదు. తర్వాత లావు వైరు వేసి, ఇగ్నిషన్‌తో పనిచేసే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్), సర్క్యూట్ బ్రేకర్ పెట్టాను. ఇక్కడ మామూలు ఫ్యూజ్ కంటే బ్రేకరే మంచిది. అద్దం పైకి తగిలాక కూడా వేలు స్విచ్ మీదే ఉంటే మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది. బ్రేకర్ వేడెక్కి తెగి, చల్లారాక మళ్లీ దానంతటదే కలుస్తుంది.

2021 ఫిబ్రవరి మంచు తుఫాను టెక్సస్‌లో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. ఇంట్లో కరెంటు లేదు. బండిని గరాజ్‌లోంచి వాకిట్లోకి తెచ్చి, ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని, హీటర్ వేసుకుని కూర్చున్నాం. గాలి కోసం మా ఆవిడ వైపు అద్దం కాస్త దించుదామని స్విచ్ నొక్కాను. అద్దం రబ్బరుకి గడ్డకట్టుకుపోయి ఉంది. నేను వేలు తీయలేదు. డోర్ లోపల టక్కుమని చప్పుడు, ఆ తర్వాత మోటార్ ఒట్టి హమ్మని తిరగడం. హ్యాండిల్ ఉన్న రోజుల్లో అయితే అద్దం పట్టుకుందని చేతికి తెలిసేది, ఆపేసేవాణ్ని. పవర్ విండోతో పోగొట్టుకున్నది ఏదన్నా ఉంటే అదే.

విప్పి చూస్తే మోటార్ గేరులో ఉండే మూడు ప్లాస్టిక్ బుష్‌లు పొడి అయిపోయాయి. బెల్లం గడ్డ నలిపితే రాలినట్టు గ్రీజులో గోధుమరంగు ముక్కలు. పాతికేళ్ల ప్లాస్టిక్, దాని తప్పేమీ లేదు. కొత్తవి పది డాలర్లలోపే. మోటార్ బోల్టులకి పానా అందాలంటే డోర్ లోపలి రేకుకి రంధ్రాలు వేయాలి, ఎక్కడ వేయాలో రేకు మీద చిన్న పల్లాలు గుర్తుగా ఉంటాయి. ఒక్క జాగ్రత్త, దయచేసి ఇది తేలిగ్గా తీసుకోవద్దు: రెగ్యులేటర్‌కి అద్దం బరువు మోసే గట్టి స్ప్రింగ్ ఉంటుంది. మోటార్ ఊడిన క్షణంలో రెగ్యులేటర్ ఇనప చేతులు విసురుగా కొట్టుకుంటాయి, వేళ్లు పోతాయి. ముందు రెగ్యులేటర్‌ని క్లాంపుతో బిగించాకే బోల్టు మీద చెయ్యి వేయండి.

కత్తిరించి అతికిన వైర్ల సంగతి చెప్పాలి. డోర్ తెరిచి మూసే ప్రతిసారీ ఆ అతుకులు వంగేవి. వాన పడితే కుడి అద్దం పనిచేసేది కాదు. టంకం పెట్టాను, టేపు చుట్టాను, మళ్లీ ఊడింది. 2023లో ఇంకో యార్డులో కత్తిరించని వైరింగ్ దొరికాక పాతదంతా పీకేసి అది వేశాను. అప్పట్నుంచి ఒక్క రోజు కూడా ఆగలేదు.

రంగు విషయంలో మాత్రం సంతృప్తి లేదు. ఆకుపచ్చ డోర్లకి ఒక షాపులో తెల్లరంగు వేయించాను. నాలుగు ఎండాకాలాలకే పైపూత పొరలుగా లేస్తోంది. మీ పాత డోర్లకి తుప్పు లేకపోతే, రంగు బాగుంటే, డోర్లు మార్చకండి, లోపలి సామానంతా మీ డోర్లలోకి ఎక్కించుకోండి. పని ఎక్కువే, కానీ రోజూ కంటికి కనిపించేది రంగే కదా.

ఇప్పటిదాకా డోర్లు, రంగు, వైర్లు, బుష్‌లు అన్నీ కలిపి ఏడు వందల డాలర్ల దాకా అయింది. నా భుజం ఎప్పుడో నయమైంది. అయినా సాయంత్రం తోట పని అయ్యాక బండెక్కి, రెండు వేళ్లతో రెండు అద్దాలూ దించి, అటూ ఇటూ గాలి ఆడుతుంటే ఇంటికి రావడం నాకెంత ఇష్టమో చెప్పలేను. మొన్న ఇండియా నుంచి మా నాన్నగారు వచ్చినప్పుడు మాత్రం, "ఏరా, ఇంజన్ ఆపాక అద్దం ఎలా ఎక్కించాలి?" అని అడిగారు. తాళంచెవి తిప్పి ఎక్కించి చూపించాను.

అద్దం జారే గాడిలోని రబ్బరు ఇక్కడి ఎండకి ఎండిపోతుంది. ఏడాదికి రెండుసార్లు సిలికాన్ స్ప్రే కొడతాను. గ్రీజు పూయకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. ఎడమ మోటార్‌లో బుష్‌లు ఇంకా పాతవే. కొత్త సెట్టు కొని గ్లోవ్ బాక్సులో పెట్టాను, ఈ చలికాలం లోపే విప్పి మార్చేస్తాను.