గ్యాలరీయా, సహకార సంఘమా?

సిడ్నీలో చిత్రకళ చదువు ముగించిన ఆస్ట్రేలియా ఆదివాసీ యువతి ముందు రెండు దారులుంటాయి: ప్రైవేటు గ్యాలరీ, లేదా కళాకారులే నడుపుకునే సహకార సంఘం.

గ్యాలరీకి కొనేవాళ్లు తెలుసు, ధర పెంచడమూ తెలుసు. అమ్మిన సొమ్ములో తరచు 40 శాతం, కొన్నిచోట్ల సగం దాకా కమీషన్‌గా పోతుంది. పేరు రాని వారికి అక్కడ గోడ దొరకడమే కష్టం.

సంఘం సంగతి వేరు. 1987లో పదిమంది నగర ఆదివాసీ కళాకారులు కలిసి సిడ్నీలో ‘బూమల్లి’ అనే సహకార సంఘాన్ని స్థాపించారు. ఎడారి ప్రాంతాల చుక్కల చిత్రాలే అసలైన ఆదివాసీ కళ అని చాలామంది నమ్మిన రోజులవి. నగరంలో పెరిగినవారి ఫొటోలనూ ప్రింట్లనూ పట్టించుకున్నవారు తక్కువ. ఎంత అన్యాయం! తమకు చోటు లేదంటే తామే కట్టుకున్నారు. ఆ పదిమందిలో ఒకరైన ట్రేసీ మొఫట్ 2017లో ఇటలీలోని అంతర్జాతీయ కళాప్రదర్శన వెనిస్ బియెనాలేలో ఆస్ట్రేలియాకు ప్రాతినిధ్యం వహించారు.

సంఘంలో అమ్మకాలు నెమ్మదిగా సాగవచ్చు. అయినా తొలి నాలుగైదేళ్లకు నేను దాన్నే ఎంచుకోమంటాను. ధర కట్టడం, ఒప్పందం చదవడం, ప్రదర్శన అమర్చడం తనవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవచ్చు. ఆ తర్వాత గ్యాలరీకి వెళితే బెదురు లేకుండా బేరమాడగలదు.

ఒక హక్కు మాత్రం రెండు దారుల్లోనూ తనదే: 2010 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, తన చిత్రం వెయ్యి డాలర్లకో అంతకు మించో మార్కెట్లో మళ్లీ అమ్ముడైతే 5 శాతం రాయల్టీ.