బాతు వారిది, బంగాళాదుంపలు మనవి

ఆర్హస్‌లో మా వీధి మలుపులో ఒక మాంసం కొట్టు ఉంది. అక్టోబరు మధ్యకల్లా దాని అద్దం మీద చేతిరాత కాగితం ఒకటి వెలుస్తుంది: మోర్టెన్స్ ఆఫ్టెన్ (సాధువు మార్టిన్ పండుగ ముందురాత్రి) బాతుకు ఆర్డర్లు తీసుకుంటున్నామని. నవంబరు 10 రాత్రి డెన్మార్క్‌లో బాతు తినడం ఆచారం. బిషప్ పదవి వద్దని మార్టిన్ అనే సాధువు పెద్దబాతుల మందలో దాక్కుంటే, అవి అరిచి ఆయన్ను పట్టించాయట. ఆ కోపం ఇక్కడివాళ్లకు ఇంకా చల్లారలేదు. పూర్వం పెద్దబాతునే వండేవారు. అది ఖరీదూ ఎక్కువ, చిన్న కుటుంబానికి పరిమాణమూ ఎక్కువ. దాంతో శిక్ష మామూలు బాతు మీదికి మారింది.

ఈసారి ఆ రాత్రికి ఆరుగురిని భోజనానికి పిలిచాను. మా ఓవెన్‌లో రెండు బాతులు పట్టవు. అందుకని మొదటిసారి, సగం పని ఆ కొట్టువాళ్లే చేసిచ్చే విందు పెట్టె తెప్పించాను. నలుగురికి సరిపడే బాతు, సాస్, ఎర్ర క్యాబేజీ, పాకం పట్టిన బంగాళాదుంపలు కలిపి 795 క్రోనర్లు. రెండు పెట్టెలు చెప్పాను.

ముందు మెచ్చుకోవలసింది చెప్పాలి. బాతు అద్భుతం. సన్నని సెగ మీద ముందే వండి, నిలువునా సగానికి కోసి, కడుపులో పెట్టిన ఆపిల్, ఎండు ప్లమ్ ముక్కలను విడిగా ఒక పొట్లంలో కట్టి ఇచ్చారు. నేను చేసిందల్లా చర్మం పైకి ఉండేలా పళ్లెంలో పరచి, 200 డిగ్రీల దగ్గర ఇరవై అయిదు నిమిషాలు పెట్టి, చివర్లో పైసెగ పెంచడమే. చర్మం అప్పడంలా విరిగింది. మాంసం ఎముకను పట్టుకుని వేలాడలేదు. సొంతంగా వండితే మూడు గంటలు ఓవెన్ ముందు కాపలా కాసి, చివరకు రొమ్ముభాగం ఎండబెట్టుకునేదాన్ని. ఆ అనుభవం నాకుంది.

సాస్ సంగతి వేరు. రంగు చూస్తే నోరూరింది, నాలుక మీద వేసుకుంటే ఉప్పునీళ్లు. ఇక్కడ గోధుమరంగు సాస్‌లో కులోర్ అనే మాడ్చిన చక్కెర రంగు కలుపుతారు; చిటికెడు పడితే తప్పులేదు. అయితే రంగే సాస్ కాదు కదా. అదృష్టవశాత్తూ అనుమానం వచ్చి ముందురోజే అదే కొట్టులో బాతు మెడలు, కందనకాయలు అడిగి తెచ్చుకున్నాను. ఉల్లిపాయ, క్యారెట్, బిర్యానీ ఆకుతో రెండు గంటలు మరగబెట్టి వడకట్టి, కొంచెం క్రీమ్, ఒక చెంచా రెడ్‌కరెంట్ జెల్లీ కలిపాను. వాళ్ల సాస్‌ను అందులో పోసేశాను. అప్పుడు దానికి ప్రాణం వచ్చింది.

క్యాబేజీ దగ్గర ఇంకో చిక్కు. వచ్చేవాళ్లలో ఒకావిడ మాంసం తినరు. డబ్బా మీద ఏమీ రాసిలేదు. ఫోను చేస్తే, బాతు కొవ్వులోనే మగ్గబెట్టామని కొట్టు ఆయన నిజాయితీగా చెప్పారు. ఆ మాట డబ్బా మీద ఉండాల్సింది. కనుక ముందురాత్రే నేను వెన్నతో విడిగా చేసుకున్నాను. సన్నగా తరిగిన ఎర్ర క్యాబేజీలో వెనిగర్ మొదట్లోనే పడాలి, లేకపోతే అది నీలంగా తిరిగి చూడటానికి సిరా ముద్దలా తయారవుతుంది. మర్నాటికి పులుపూ తీపీ ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఆవిడ కోసం సెలెరీ గడ్డను తొక్కతోనే రెండు గంటలు ఓవెన్‌లో కాల్చి, మందపాటి చక్రాలుగా కోసి వెన్నలో వేయించాను. బాతు తినేవాళ్లు కూడా దాని వైపు చెయ్యి చాచారు.

ఇక బంగాళాదుంపలు. వీటిని కొనకండి. పెట్టెలో వచ్చినవి చల్లారి, పాకమంతా అడుగున మడుగు కట్టింది. వేడిచేస్తే దుంపలు నీరు వదిలాయి. పక్కన పెట్టేసి అప్పటికప్పుడు చేశాను. పాకం విషయంలో నాకు కాస్త గర్వం ఉండేది. డెన్మార్క్ వచ్చిన మొదటి ఏడాది అది దిగిపోయింది: అలవాటు కొద్దీ నీళ్లు పోసి తీగపాకం పట్టాను, దుంపలు జీడిలా అంటుకున్నాయి. ఇక్కడి పద్ధతిలో నీళ్లు పోయరు, గరిట పెట్టరు. పొడి పెనంలో 80 గ్రాముల చక్కెర తనంతట తాను కరిగి తేనెరంగుకు రావాలి, తర్వాత 40 గ్రాముల వెన్న. ఉడికించి తొక్క తీసిన చిన్న దుంపలు ఒక కిలో, చన్నీళ్లలో ఒకసారి తడిపి అందులో వెయ్యాలి. పాకం ముందు గడ్డకట్టి భయపెడుతుంది. ఓపిక పడితే మళ్లీ కరిగి దుంపలకు నునుపుగా పట్టుకుంటుంది. వీటితోపాటు మామూలు చిప్స్ కూడా వేడిచేసి సాస్‌లో ముంచుకు తింటారు. మొదట్లో నవ్వుకున్నాను, ఇప్పుడు నేనే రెండు పొట్లాలు కొంటాను.

సూప్ పెడదామనుకుని మానేశాను. బాతుకు ముందు కడుపు నింపడం తెలివి కాదు. చివర్లో పాతకాలపు ఆపిల్ కేక్. పేరుకే కేక్, కాల్చే పనే లేదు. ఉడికించిన ఆపిల్ గుజ్జు, చక్కెరతో వేయించిన బ్రెడ్ పొడి, గిలకొట్టిన క్రీమ్, గాజు గిన్నెలో పొరలు పొరలుగా. గ్రోస్టెన్ ఆపిల్ దొరికితే మరో రకం వెతకక్కర్లేదు. 2005లో దాన్ని జాతీయ ఆపిల్‌గా ఎంచింది ఊరికే కాదు, ఆ పులుపు క్రీమ్‌కు సరిగ్గా విరుగుడు.

ఆరు గంటలకు రమ్మంటే ఆరుకే గంట మోగింది. బయట ఎప్పుడో చీకటిపడింది. కొవ్వొత్తులు వెలిగించి నేను ఇంకా ఆప్రాన్ విప్పలేదు.

ఒక్క మాట మరిచాను. బాతు పెట్టె అడుగున గడ్డకట్టిన తెల్లని కొవ్వు ఉంటుంది, చూసుకోకుండా పారేసేరు. నేను సీసాకు ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున్నే రై బ్రెడ్ మీద పలుచగా రాసి, పైన ఉప్పు చల్లి తింటున్నాం. నలుగురికని చెప్పిన రెండు పెట్టెల నుంచి వచ్చింది, ఇంకా సగం సీసా ఉంది.