యాడ్ ముందా, అకౌంట్ ముందా: ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లిలో మా వదిన ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. కిందటేడు ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంట్ తెరిచిన మూడో రోజే యాడ్ పెట్టేసింది. ఐదు రోజుల్లో రెండు వేలు అయిపోయాయి. జనం రాకపోలేదు. కానీ వచ్చినవాళ్లకు కనిపించింది నాలుగు ఫోటోలు, అందులో ఒకటి పిల్లాడి పుట్టినరోజుది. "ధర ఎంతండీ?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వదిన సాయంత్రం చూసుకుని జవాబిచ్చేసరికి వాళ్లు మళ్లీ పలకలేదు.

వెంటనే యాడ్ పెట్టడం అన్నిసార్లూ తప్పని అనను. ఆవకాయ సీజన్ నెత్తిమీదికొచ్చినప్పుడు అకౌంట్ సర్దుకుంటూ మూడు వారాలు ఆగలేం. అప్పుడు నేరుగా వాట్సాప్‌కు తీసుకెళ్లే యాడ్ పెట్టి, అడిగిన వెంటనే జవాబిచ్చే మనిషి ఇంట్లో ఉంటే చాలు. మిగతా రోజుల్లో మాత్రం ముందు అకౌంట్ సర్దుకోవడమే మేలు.

మొదట దాన్ని బిజినెస్ అకౌంట్‌గా మార్చాలి. కాల్ బటన్ వస్తుంది, ఏ పోస్టు ఎంతమంది చూశారో లెక్క తెలుస్తుంది. మార్చకముందు పెట్టిన పోస్టులకు ఆ లెక్కలు రావు కాబట్టి ఈ పని వాయిదా వేయకండి. బయోలో, అంటే పేరు కింద మన గురించి రాసుకునే చోట, 150 అక్షరాలే పడతాయి. "అమ్మ చేతి రుచి" అని సగం నింపేకన్నా ఏం అమ్ముతున్నారో, ఎక్కడికి పంపుతారో, ఆర్డర్ ఎలా ఇవ్వాలో రాయండి. పైన మూడు పోస్టులు పిన్ చేసుకోవచ్చు. అందులో ఒకటి ధరల పట్టిక కావాలి. తినే సరుకు కాబట్టి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబరు కూడా కనబడాలి.

చాలామంది ఇరుక్కునేది పాటల దగ్గర. సినిమా పాట పెట్టిన రీల్‌ను ఇన్‌స్టాగ్రామ్ బూస్ట్ చేయనివ్వదు, అంటే డబ్బు కట్టి యాడ్‌గా ఎక్కువమందికి చూపించనివ్వదు. వదిన రీళ్లన్నీ అలాంటివే. మళ్లీ తీశాం. జాడీ మూత తీసి, గరిటెతో కలుపుతూ, "నూనె ఇలా పైకి తేలాలి, అప్పుడే ఊరినట్టు" అని తన గొంతుతోనే చెప్పింది. నాకైతే పాటకన్నా అదే బాగుంది.

ఫాలోవర్లను డబ్బిచ్చి కొనే ఆలోచన అసలొద్దు, వాళ్లెవరూ పచ్చడి కొనరు. పోస్టు కిందుండే బూస్ట్ బటనా, యాడ్‌ను వివరంగా సెట్ చేసుకునే యాడ్స్ మేనేజరా అంటే కొత్తవాళ్లకు బూస్ట్ చాలు. బడ్జెట్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందని మాత్రం ముందే లెక్కేసుకోండి.

దసరా ముందు వదిన మళ్లీ యాడ్ పెట్టింది, ఈసారి మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కలకే. మొదటి మెసేజ్‌లో ధర అడగలేదు. "అక్కా, గోంగూర అరకిలో కావాలి, రేపు పంపగలరా?" అని ఉంది.