50,000 యెన్ల పాస్ వద్దనుకున్నాక

జపాన్ వెళ్తున్నామని చెప్పగానే, వెళ్లొచ్చినవాళ్లంతా ఒకటే మాట: "ముందు జేఆర్ పాస్ కొనేసుకోండి." జేఆర్ అంటే జపాన్ రైల్వేస్; ఈ పాస్ ఉంటే టూరిస్టులు దాదాపు దేశమంతా ఆ రైళ్లలో తిరగొచ్చు. ఒకప్పుడు అది కళ్లు మూసుకుని కొనదగ్గదే. ఏడు రోజుల పాస్ 29,650 యెన్లు ఉండేది. 2023 అక్టోబరులో దాన్ని ఏకంగా 50,000 చేశారు. మేం వెళ్లింది 2024 నవంబరులో. సలహా మాత్రం పాతదే నడుస్తోంది.

మా ఆవిడ పాస్ వైపే మొగ్గింది. "ప్రతిసారీ టికెట్ల కోసం తంటాలెందుకండీ, ఒక్కసారి కొనేస్తే టెన్షన్ ఉండదు కదా" అంది. అదీ నిజమే. అందుకే ఓ రాత్రి కాగితం, పెన్ను ముందేసుకుని కూర్చున్నాం. టోక్యో నుంచి క్యోటోకి నొజోమి అనే బుల్లెట్ రైల్లో రిజర్వుడు సీటు 14,170 యెన్లు, రానూపోనూ 28,340. హిరోషిమా కూడా చూడాలి కాబట్టి క్యోటో, ఒసాకా నుంచి హిరోషిమా దాకా మాత్రమే పనికొచ్చే కన్సాయ్-హిరోషిమా ఏరియా పాస్, ఐదు రోజులకి 17,000. మొత్తం 45,340. ఆ 50,000 యెన్ల పెద్ద పాస్ కంటే తలకి 4,660 తక్కువ.

ఇంతేనా అనిపించింది. అసలు మెలిక నొజోమి దగ్గరుంది. ఆ దారిలో అన్నిటికన్నా వేగంగా వెళ్లేది అదే. చేతిలో పెద్ద పాస్ ఉన్నా, టోక్యో నుంచి క్యోటోకి అది ఎక్కాలంటే మళ్లీ 4,960 కట్టాలి. వద్దనుకుంటే ఎక్కువ స్టేషన్లలో ఆగే హికారీ రైలు ఎక్కాలి, పావుగంటో అరగంటో ఎక్కువ పడుతుంది. అంత డబ్బు పోసి మళ్లీ అదనం కట్టడమా! ఆవిడ కూడా ఇంకేం అనలేదు.

సూట్‌కేసుని టేపుతో కొలిచాను. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే ఈ బుల్లెట్ రైళ్లలో సామాను జాగా ఉన్న సీటు ముందే బుక్ చేసుకోవాలి. దానికి డబ్బులు అడగరు గానీ, బుక్ చేయకుండా తెస్తే 1,000 యెన్లు కట్టించుకుంటారు. మాది 158. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీటు అడిగి తీసుకున్నాం. ముప్పావుగంటకి ఫూజీ కనిపించింది, నెత్తిన కాస్త మబ్బుతో.

క్యోటోలో స్టేషన్‌కి నాలుగడుగుల దూరంలో హోటల్ తీసుకున్నాం. గది ఎంతంటే, సూట్‌కేసు తెరిస్తే బాత్రూమ్ తలుపు తెరుచుకోదు. దూరంగా ఉన్నదాంట్లో ఇంకాస్త పెద్ద గది అదే డబ్బుకి వచ్చేది. అయినా మళ్లీ వెళ్తే ఇదే తీసుకుంటాను. నవంబరులో ఎర్రబడ్డ ఆకులు చూడ్డానికి ఊరంతా బస్సుల్లోనే ఉంటుంది. సామానుతో అందులోకి ఎక్కడం మన వల్ల కాదు. పైగా సిటీ బస్సుల్లో ఈ రైలు పాసులేవీ చెల్లవు. ఫుషిమి ఇనారి గుడికి మాత్రం జేఆర్ రైలుంది, రెండో స్టేషన్, దిగితే ఎదురుగానే గుడి.

ఏరియా పాస్‌తో ఓ చికాకు ఉంది. క్యోటో నుంచి షిన్-ఒసాకా దాకా మామూలు రైల్లో వెళ్లి, అక్కడ షింకాన్సెన్, అంటే బుల్లెట్ రైలు, ఎక్కాలి. మెట్లు, జనం, ఓ పరుగు. ఆ తర్వాత హిరోషిమా దాకా హాయి. అక్కడి శాంతి స్మారక మ్యూజియం టికెట్టు 200 యెన్లే. ఆ రోజంతా మేం పెద్దగా మాట్లాడుకోలేదు. పక్కనున్న మియాజిమా దీవికి వెళ్లే పడవ కూడా పాస్‌లోనే వస్తుంది, కాకపోతే మనిషికి 100 యెన్లు సందర్శకుల పన్ను విడిగా కట్టాలి.

తిరుగు దారిలోనే నేను తప్పులో కాలేశాను. "పాస్ ఉంది కదా, ఊరికే వస్తున్నది వదులుకోవడమెందుకు" అని, కోట చూద్దామంటూ దారిలో ఉన్న హిమేజీలో దింపేశాను. కోటలోకి ఆఖరి ప్రవేశం నాలుగింటికి. మేం గేటు దగ్గరికి చేరేసరికి నాలుగూ నలభై. స్టేషన్ నుంచి కోట దాకా తిన్నగా ఒకటే రోడ్డు, కిలోమీటరు పైనే. ఆ తెల్లటి కోట కళ్లెదుట కనిపిస్తూనే ఉంది, పొద్దువాలి కాస్త పసుపు పులుముకుని. గేటు మూసే ఉంది.

"పాస్ లేకపోతే ఇక్కడ దిగేవాళ్లమా?" అంది మా ఆవిడ, చెప్పులు విప్పి మడమ నొక్కుకుంటూ.

మర్నాడు పాస్ ఇంకా ఒక రోజు మిగిలే ఉంది. దగ్గర్లోని నారా ఊరికి వెళ్లే రైలు కూడా దాంట్లోనే వస్తుందని మెల్లగా అన్నాను. ఆవిడ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.